కోపం వస్తే పడిపోయే పిల్ల

కిరాణా కొట్టు తలుపు మీద నా కూతురు నిద్రపోతోంది. బడిలో చదివే రోజుల్లో బల్ల మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయినప్పటి ఫోటో అది. కింద పెద్ద అక్షరాలు: "రేపు మీ పిల్లల వంతు కావచ్చు. శనివారం, యువజన సంఘం హాలు. కాఫీ, బన్నులు ఉంటాయి." ఆ ఫోటో నా దగ్గర ఒకటి, మా చెల్లెలు కమిల్లా దగ్గర ఒకటి ఉన్నాయి. నేనివ్వలేదు. ఇంకెవరిచ్చారో తెలుసుకోవడానికి సోది అడగక్కర్లేదు.

పోస్టరు చించి జేబులో కుక్కుకుని తిన్నగా దాని ఇంటికి వెళ్ళాను.

"సిగ్గుందా నీకు?"

"అరవకక్కా. ఎలోఫ్ ఇప్పుడే పడుకున్నాడు."

"లేవనీ. నా కూతురి మొహాన్ని ఊళ్ళో తలుపులకి అంటించడానికి నువ్వెవరే?"

"తిల్దాకి జరిగింది ఇంకో బిడ్డకి జరక్కూడదనేగా! నీకు కోపం రావాల్సింది ఆ టీకా వేసినోళ్ళ మీద. నా మీద కాదు."

కోపానికి నా దగ్గర కరువు లేదు. ఎవరి వాటా వాళ్ళకి పంచగలను. స్వైన్ ఫ్లూ అన్న ఆ పందిజ్వరం వచ్చిన ఏడు మా ఫిన్లాండులో పిల్లలకి హడావిడిగా టీకాలు వేశారు. తిల్దాకి అప్పుడు ఏడేళ్ళు. కొన్ని నెలలకే సూపు తాగుతూ గిన్నె మీదే నిద్రపోవడం మొదలుపెట్టింది. నవ్వితే మోకాళ్ళు వదిలేసి కూలబడేది. ఒక డాక్టరు బద్ధకమన్నాడు. ఇంకొకడు తల్లి గారాబమన్నాడు. టీకా వల్లేమో అని అడిగితే నా మొహం మీదే నవ్వాడు. తర్వాత ఆ టీకాకీ ఈ నిద్రజబ్బుకీ సంబంధం ఉందని దేశమే ఒప్పుకుంది. ఆ ఇద్దరిలో ఒక్కడూ మా గుమ్మం తొక్కి తప్పయిందనలేదు. చచ్చేదాకా తిడతాను వాళ్ళని.

అయితే ఆ టీకా వేరు, తట్టు టీకా వేరు. కమిల్లా కొడుకు ఎలోఫ్‌కి ఏడాది దాటినా తట్టు టీకా వేయించలేదు. పక్క ఊళ్ళో పిల్లలకి తట్టు పోసింది, ఒకడు ఊపిరాడక ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ మాట ఎత్తగానే కమిల్లా మొగుడు రోల్ఫ్ వంటింట్లోంచి వచ్చాడు. బొచ్చు కోసం ముంగిసల్లాంటి మింకుల్ని పెంచడం అతని పని.

"మా చిన్నప్పుడు అందరికీ వచ్చేది వదినా. చచ్చామా?"

"చచ్చినోళ్ళు లేచొచ్చి చెప్తారా? ఏటా నీ మింకులన్నిటికీ సూదులు పొడిపిస్తావు కదా, వాటికెందుకు మరి?"

"అవి చస్తే నష్టం కదా."

అన్నాక గానీ తనేమన్నాడో తనకి తెలిసినట్టు లేదు. తల వంచుకుని బయటికి పోయాడు. కమిల్లా కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చి తిల్దా చేతిలో పోస్టరు పెట్టాను. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్ళు. చూసి, గోడ పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుంది. నవ్వొచ్చినా కోపమొచ్చినా దానికి ఒళ్ళు స్వాధీనం తప్పుతుంది. తెలివి మాత్రం పోదు, అన్నీ వినబడుతూనే ఉంటాయి. అందుకని చిన్నప్పటినుంచీ కోపాన్ని దిగమింగడం నేర్చుకుంది. దాని వాటా కూడా నేనే కోప్పడుతూ వచ్చాను.

"శనివారం వెళ్దామమ్మా."

"అక్కడ నీకు కోపమొస్తే?"

"రానీ."

హాలు నిండిపోయింది. కమిల్లా పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. పట్నం నుంచి వచ్చిన, టీకాలొద్దని చెప్పే ఉపన్యాసకుడు బెంగ్ట్ తిల్దాని చూడగానే చేతులు చాచి, "అదిగో, మన ధీరురాలు!" అన్నాడు. తిల్దా అతన్ని దాటుకుని ముందుకెళ్ళింది. కోటు విప్పి నేల మీద పరిచింది. దాని మీద వెల్లకిలా పడుకుంది. జనం కుర్చీల్లోంచి లేచారు. ఫోన్లు బయటికొచ్చాయి. ఎవరో నీళ్ళు నీళ్ళన్నారు.

"ఎవరూ ముట్టుకోకండి!" అని అరిచాను.

"నేను పడిపోలేదు," అంది తిల్దా పైకప్పు చూస్తూ. "కోపమొస్తే పడిపోతాను, అందుకే ముందే పడుకున్నా. ఇప్పుడు కోప్పడతాను, వినండి. ఆ టీకా నా నిద్రని పాడు చేసింది. నిజం. కాదన్న డాక్టర్లని నేను క్షమించను. కానీ తట్టు టీకా ఎన్నేళ్ళుగానో ఉంది. నాకూ వేశారు, మీలోనూ చాలామందికి వేశారు. నా జబ్బు చూపించి మీరు... పసిపిల్లల్ని..."

దవడ జారిపోయింది. మాట ముద్దయింది. బెంగ్ట్ మైకు అందుకుని, "చూశారుగా, పాపం," అన్నాడు.

"నోర్ముయ్! అదింకా చెప్పడం అవలేదు," అన్నాను.

అది మళ్ళీ కూడదీసుకునేదాకా దాని పక్కనే నేల మీద కూర్చున్నాను.

"పిన్నీ," అంది చివరికి. "నా పేరు చెప్పి ఎలోఫ్‌కి టీకా ఆపకు. రేపు వాడికేమన్నా అయితే ఆ పాపం నాకు చుట్టకు."

కమిల్లా బిడ్డని ఎత్తుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

మర్నాటికల్లా వీడియో ఊరంతా తిరిగింది. తిల్దా నేల మీద పడి ఉంటుంది, దవడ వేలాడుతుంది, నా అరుపు వినబడుతుంది. దాని మాటలు మాత్రం లేవు, శుభ్రంగా కోసేశారు. "సభలోనే కుప్పకూలిన టీకా బాధితురాలు" అని పేరు పెట్టారు. కింద వేలమంది ఏడుపు బొమ్మలు, దండాల బొమ్మలు. నేను చేతికందిన గిన్నెలన్నీ గోడకేసి కొట్టాను. తిల్దా సోఫాలో పడి ఉంది, కోపంతో వేలు కూడా కదపలేక.

సాయంత్రం కమిల్లా ఫోను చేసింది.

"అది పడిపోలేదు కదక్కా! నేనక్కడే ఉన్నాను. అది పడుకుంది, మాట్లాడింది. ఇంత పచ్చి అబద్ధమా?" ఏడుస్తోంది. "ఇన్నాళ్ళూ వీళ్ళు నాకు చెప్పినవీ ఇలాంటివేనా?"

"నన్నడుగుతావేంటే?"

"రేపు ఎలోఫ్‌ని టీకాకి తీసుకెళ్తున్నా. నువ్వూ రా అక్కా. నాకు భయంగా ఉంది."

భయమెందుకే అని నేననలేదు. వెళ్ళాను. కారులో దాని పక్కన కూర్చోకుండా వెనక సీట్లో ఎక్కాను. అది చేసిన పని మర్చిపోయేంత మంచిదాన్ని కాను నేను. నర్సు సూది తీయగానే కమిల్లా మొహం తిప్పేసుకుంది. పిల్లాడి కాలు నేనే పట్టుకున్నాను. పదిహేనేళ్ళ కింద ఆ టీకా వేసేటప్పుడు తిల్దా చెయ్యి కూడా నేనే పట్టుకున్నాను. నా పట్టు సడలింది.

"గట్టిగా పట్టుకోండి," అంది నర్సు.

గట్టిగా పట్టుకున్నాను.