సన్నటి ఈల

డీజిల్ వాసన. తడి మట్టి వాసన. రేకుల షెడ్డు కింద ఉదయపు గాలి ఆ రెండింటినీ కలిపి ఆమె ముఖాన కొడుతోంది.

ఆమె పీట మీద కూర్చుంది. ఎదురుగా పికప్ బండి, వెనక చక్రాలు విప్పేసి, చెక్క దిమ్మల మీద ఉంది. బానెట్ లోపలికి నడుందాకా దూరిపోయి ఆయన.

పదకొండేళ్ల కిందట, ఎవరో వాడి వదిలేసిన ఆ బండిని తెచ్చాడు ఆమె భర్త. తలుపు వేస్తే తుప్పు రాలేది.

"దీన్ని లాక్కెళ్లడానికి ఇంకో బండి కొనాలేమో!" అంది ఆమె.

ఆయన నవ్వాడు. నవ్వి, ఆ పూటే చొక్కా విప్పి బండి కిందకి దూరాడు.

ఒక ఏడాది కమాను పట్టీలు మారాయి. ఇంకో ఏడాది పెద్ద దీపాలు వచ్చాయి. ఇంజను మొత్తం విప్పి మళ్లీ బిగించిన వేసవిలో వంటింటి గిన్నెలు కూడా డీజిల్ కంపు కొట్టాయి. బండి ఇటుకలు మోసింది. ఇసుక మోసింది. దాని మీదే ఇల్లు గడిచింది.

ప్రతిసారీ ఆయన చెవితోనే రోగం పట్టేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి, పిడి చెవికి. కళ్లు మూసుకుని వినేవాడు — "మూడో సిలిండరు కొట్టుకుంటోంది." తన చెవి మీద ఉన్న నమ్మకం ఆయనకి పెళ్లాం మాట మీద కూడా లేదు.

ఆ ఇంజనే ఆయన చెవుల్ని తినేసింది.

ఒక్కసారిగా కాదు... ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత కుక్కర్ ఈల. తర్వాత వెనక బండి హారన్. లావు మోతలు మిగిలాయి, సన్నవి పోయాయి.

ఆయన చెప్పలేదు.

ఆమె అడగలేదు.

కొండ దారిలో పక్క సీట్లో కూర్చుని, వెనక హారన్ మోగితే ఆయన మోకాలి మీద చెయ్యి వేసేది, ఊరికే చనువుకొద్దీ వేసినట్టు. ఆయన బండిని పక్కకి తీసేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు — అమ్మ దగ్గర నేర్చుకున్న ఆ సామెతని ఇంట్లో అనడం ఆమె మానేసింది.

ఇవాళ టర్బో బిగించాడు. బరువుతో కొండ ఎక్కేటప్పుడు ఇంజనుకి ఇంకాస్త గాలి ఊదే యంత్రం. పాత సామాన్ల దుకాణంలో ఏరి ఏరి తెచ్చుకున్నాడు.

సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా! ఎంత మెత్తగా ఉందో!"

ఆమె విన్నది.

మోత అడుగున — ఈల. సన్నగా... సన్నగా.

చెప్పాలి. చెబితే, మీకు వినపడదండీ అని మొహం మీదే అన్నట్టు. ఆ ముఖంలో అంత నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. ఆమెకి ప్రాణం ఒప్పలేదు.

"బాగుందండీ," అంది.

ఈల పెరిగింది.

పొగ — తెల్లగా, నీలంగా, షెడ్డు నిండా. ఇంజను పరుగు లంకించుకుంది. ఆయన యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. తగ్గలేదు. తాళం తిప్పేశాడు. ఆగలేదు. టర్బోలోంచి కారుతున్న నూనెనే తాగుతోంది అది, ఇక డీజిల్‌తో పనిలేదు. గేరులో వేసి ఆపుదామంటే చక్రాలే లేవు. బండి ఊగుతోంది. దిమ్మలు జరుగుతున్నాయి. లోపల ఆయన ఉన్నాడు.

ఆమె పీట మీంచి లేచింది.

ఎప్పుడో ఆయనే చెప్పాడు, వేళాకోళంగా — "డీజిల్ బండికి పిచ్చెక్కితే తాళం మాట వినదే. ముక్కు మూయాలి."

ఆమె పీట లాక్కుంది. గాలి పీల్చే గొట్టానికి ఫిల్టర్ డబ్బా ఇంకా బిగించలేదు. ఆ నోటికి పీటని అడ్డంగా అదిమింది. గొట్టం పీటని లాగేసుకుంది. రెండు చేతులా, ఒళ్లంతా బరువేసి నొక్కింది...

బండి ఒక్క కుదుపు ఇచ్చి, ఆగిపోయింది.

ఆయన దిగాడు.

"ముందే ఏమన్నా వినపడిందా నీకు?"

"ఈల వినపడింది."

"మరి బాగుందన్నావేం?"

ఆమె ఏడ్చింది. ఆయన చేతిలోని పానా గోడకేసి కొట్టాడు. ఎవరి మీద కోపమో ఆయనకే తెలియదు. నేల చూస్తూ అన్నాడు.

"సరిగ్గా వినపడక రెండేళ్లయింది. నీకు తెలీదనుకున్నా."

నాలుగు రోజులు ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. టర్బో విప్పాడు. నూనె కారిన సీలు మార్చాడు. చక్రాలు బిగించాడు. ఐదో రోజు పది గంటలకి కొండ మీదకి ఇటుకలు చేర్చాలి.

ఆ ఉదయం గాలి లేదు.

ఆయన తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ఈసారి ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది. లావు మోత. దాని కింద బెల్టు గరగర. దాని కింద... ఏదో ఉంది. ఉందా? నాలుగు రోజులుగా తన చెవిలోనే ఉండిపోయిందా?

"చెప్పు," అన్నాడు.

బాగుందండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తెలీడం లేదండీ. ఆపి, ఇంకోసారి వెయ్యండి."

ఆయన ఆపాడు. తాళం మీద చెయ్యి ఉంచి, ఆమె ఊ అనేదాకా కదపకుండా కూర్చున్నాడు.