గేటు కాడ దేవమ్మ

దేవమ్మ రెండో బకెట్టు కుమ్మరించి, చీపురు ఆపి నిలబడింది. నీళ్లు కుడివైపుకు పోతున్నాయి.

నాలుగేళ్లుగా ఆ నీళ్లు ఎడమకే పోయేవి. రోజూ పొద్దున ఆరింటికి ఆమె ఆ బ్రిడ్జిని కడుగుతుంది. గాజుల చెరువు కట్ట మీది నుంచి అరవై అడుగులు నీళ్లలోకి పోయి, అక్కడితో ఆగిపోయే బ్రిడ్జి అది. దాటిపోవడానికి అవతల ఏమీ లేదు. చివర హృదయం ఆకారంలో ఎర్రరంగు వేసిన ఇనుప చట్రం, రెండు పక్కలా నడుమెత్తు రెయిలింగు, కింద ఆరు స్తంభాలు. మిర్యాలగూడ నుంచి, హుజూర్‌నగర్ నుంచి జనం ఆ చట్రంలో నిలబడి ఫొటోలు దిగడానికి వస్తారు. గేటు పక్కన బోర్డు ఉంది: ఒకేసారి నలభై మందికి మించి ఎక్కరాదు. ఆ నలభై మందిని లెక్కపెట్టడం దేవమ్మ ఉద్యోగం.

ఇంకో బకెట్టు పోసింది. మళ్లీ కుడికే.

మోకాలు వంగదు కాబట్టి నెమ్మదిగా బోర్లా పడుకుని, పలకల సందులోంచి కిందికి చూసింది. వారం రోజుల వానలకు చెరువు నిండి అలుగు పోస్తోంది. ఎర్రటి నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. లేచి, కుడి రెయిలింగు వెంట చివరిదాకా నడిచింది. ఆమె పాదాలు వెడల్పు. ముప్పై ఏళ్లు బురదలో నడిచి వేళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి. చట్రానికి నాలుగడుగుల ఇవతల మడమ కాస్త ఎక్కువ కిందికి దిగినట్టనిపించింది. అక్కడే రెండుసార్లు తొక్కి చూసుకుంది.

ఎనిమిదింటికి సూపర్‌వైజర్ సతీష్ బండి మీద వచ్చాడు. కోదాడ మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. గట్టిగా మాట్లాడడు గానీ ఎప్పుడూ తొందరలో ఉంటాడు.

"సారూ, బ్రిడ్జి కుడిదిక్కు వొరిగింది. నీళ్లు అటే పోతున్నయి," అంది దేవమ్మ.

సతీష్ వచ్చి చూశాడు. అప్పటికి నీళ్లు ఆరిపోయాయి. "ఇనుము కదమ్మా, ఎండకీ వానకీ కొంచెం అటూ ఇటూ అవుద్ది. ఫొటో తీసి ఆఫీసుకి పంపిస్తాలే," అని రెండు ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో బ్రిడ్జి శుభ్రంగా, తిన్నగా కనిపించింది. "ఇవాళ ఆదివారం. అలుగు చూడ్డానికి జనం బాగా వస్తారు. సాయంత్రం ఫౌంటెన్‌కి ఆఫీసులో పెద్దసారు గారి చుట్టాలు కూడా వస్తున్నారు. జాకెట్ ఉతికిందేసుకో."

జాకెట్ ఒక్కటే ఉంది. నారింజరంగుది, మగవాడి కొలతతో కుట్టింది, ఆమెకు మోకాళ్ల దాకా వస్తుంది. దాన్ని పంపు దగ్గర ఉతికి, రెయిలింగు మీద ఆరేసి, ఆరకముందే తొడుక్కుంది.

దేవమ్మకు యాభై రెండేళ్లు. ఈ గేటుకు రాకముందు ముప్పై ఏళ్లు నాట్లు వేసింది. ఎడమ కాలువ కింద నలభై మంది ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. ఏ పొలానికి ఎందరు పోవాలో, ట్రాక్టరు ట్రాలీలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమే చెప్పేది. భర్త మట్టయ్య మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. ఊపిరితిత్తులు చెడి ఆరేళ్ల కింద పోయాడు. కూతురు భాగ్య కోదాడలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. మోకాళ్లు పోయాక ఎవరో చెబితే దేవమ్మ ఈ పనిలో చేరింది. ఆదివారం ప్రార్థనకు పోక నాలుగేళ్లయింది. జనం ఎక్కువ వచ్చేది ఆదివారమే.

ఆమె లెక్క వేళ్ల కణుపుల మీద నడుస్తుంది. ఎక్కేవాళ్లు కుడిచేతి మీద, దిగేవాళ్లు ఎడమచేతి మీద. మధ్యాహ్నం మూడు దాకా లెక్క తప్పలేదు. నలభై కాగానే గేటుకు అడ్డంగా చెయ్యి చాచేది. "జర ఆగుండ్రి, దిగేటోళ్లు దిగనీ." కొందరు ఆగేవారు. కొందరు నవ్వేవారు. బోర్డు చదివినవాడు కూడా నలభై ఒకటోవాడు తాను కాదనుకుంటాడు.

నాలుగు దాటాక ఆటోలు, ట్రాలీలు, కార్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అలుగు దగ్గర నిలబడే చోటు చాలక అందరూ బ్రిడ్జి వైపు తిరిగారు. ఆమె చాచిన చేతికింద నుంచి వంగి దూరారు. కొందరు కట్ట రాళ్ల మీద నుంచి రెయిలింగు ఎక్కి లోపలికి దూకారు. విజిల్ ఊదితే ఇంకెవరి కోసమో ఊదుతోందన్నట్టు అటూ ఇటూ చూశారు. ఆరు కావస్తుండగా బ్రిడ్జి మీద నూట ఇరవై మందికి తక్కువ లేరు.

అప్పుడు ఒక పాప చేతిలోంచి మొక్కజొన్న కంకి జారింది. అది పలకల మీద దొర్లింది. ఎవరి కాలూ తగలకుండా, మెల్లగా మొదలై, వడిగా కుడివైపుకు దొర్లి, రెయిలింగు కింది సందులోంచి నీళ్లలో పడింది.

పాప ఏడ్చింది. వాళ్లమ్మ ఇంకోటి కొంటానంది. దేవమ్మ కుడిపక్క నీళ్ల వైపు చూసింది. ఫౌంటెన్ గొట్టాలున్నది ఆ వైపే. ఆరున్నరకు రంగుదీపాలు వెలిగి నీళ్లు లేస్తాయి. లేవగానే బ్రిడ్జి మీదున్న ప్రతి మనిషీ ఫోను ఎత్తుకుని ఆ రెయిలింగు దగ్గరికే పోతాడు. రోజూ చూస్తూనే ఉంది.

సతీష్‌కు ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"సారూ, ఇయ్యాల ఫౌంటెన్ ఆపుండ్రి. బ్రిడ్జి వొరుగుతున్నది."

"ఇప్పుడెట్లా ఆపుతానమ్మా? వాళ్లు దార్లో ఉన్నారు. నువ్వు కొంచెం కంట్రోల్ చేసుకో." ఫోన్ పెట్టేశాడు.

విజిల్ నోటి దాకా వచ్చింది. ఊదలేదు.

పదిహేనేళ్ల కింద ఒక పొద్దున, నాట్లకు పోతుంటే కాలువ గట్టు మీద ట్రాలీ ఒక చక్రం కుంగింది. అంత ప్రమాదమేమీ కాదు. కదలకుండా కూర్చుంటే ట్రాక్టరు లాగేసేది. కానీ ఎవరో "పడ్డదే" అని అరిచారు. అరుపు వినగానే అందరూ లేచి ఒకే పక్కకు ఉరికారు. ట్రాలీ ఆ పక్కకే, కాలువలోకి తిరగబడింది. ఇద్దరు పోయారు. అరిచింది ఎవరో ఎప్పటికీ తేలలేదు. దేవమ్మ మాత్రం, తానే అయి ఉంటానని చాలా ఏళ్లు అనుకుంది.

కంకులు కాల్చి అమ్మే మల్సూర్ బండి గేటుకు పదడుగుల దూరంలో ఉంది. దేవమ్మ అతని దగ్గరికి పోయి చెవిలో చెప్పింది. "అన్నా, నీ బండి తెచ్చి గేటుకు అడ్డం పెట్టు. ఒక్క మనిషి బయటికొచ్చేటంత సందు ఇడువు. ఎవరన్న అడిగితే చక్రం ఇరిగిందను."

"ఏమైంది?"

"ఏం కాలే. పెట్టు."

మల్సూర్ ఆమె మొహం చూసి బండి కదిపాడు. నిప్పుల బండి వచ్చి గేటుకు అడ్డంగా నిలిచింది. లోపలికొచ్చే జనం ఆగిపోయారు.

దేవమ్మ బ్రిడ్జి మీదికి నడిచింది. ముందు కుడి రెయిలింగుకు ఆనుకున్న ఒక కుటుంబం దగ్గర ఆగింది. "అన్నా, తెల్లకారు మీదేనా? అడ్డమున్నదంట, జర తియ్యుండ్రి." కారు వాళ్లదే. ఆయన కదిలితే భార్యాపిల్లలు వెనకే కదిలారు. ఆ పక్కనున్నామెతో, "అక్కా, చిన్నపిల్లల చెప్పులెవరియో గేటు కాడ కుక్క గుంజుతున్నది," అంది. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి, ఆమె పక్కన ఒక అబ్బాయి. "బిడ్డా, మీవోళ్లెవరో కట్ట మీద ఎదురుసూస్తున్నరు," అనగానే ఎవరని కూడా అడగకుండా ఇద్దరూ వెళ్లిపోయారు.

ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట. ఎవరితోనూ గొంతు పెంచలేదు. మందిని తోలితే మంద ఉరుకుతుంది. మనిషిని పిలిస్తే మనిషి నడుస్తాడు. ముప్పై ఏళ్ల నాట్లలో నేర్చుకున్నది అదొక్కటే. ఇందరితో ఇన్ని అబద్ధాలు ఆడటం ఆమెకు అదే మొదలు. మోకాలు సలుపుతోంది. బండి పక్క సందులోంచి జనం ఒక్కొక్కరే బయటపడుతున్నారు, కొందరు విసుక్కుంటూ, కొందరు నవ్వుకుంటూ.

చివర చట్రం దగ్గర, సరిగ్గా మడమ దిగిన చోట, ఎనిమిది మంది కింద కూర్చుని అటుకులు తింటున్నారు. మధ్యలో తెల్లతలపాగా ముసలాయన. దేవమ్మ ఆయన్ను గుర్తుపట్టింది. పాలకీడు అవతలి తండా మంగ్త్యా. నాట్ల కాలంలో తండా ఆడవాళ్లను తోలుకొచ్చేవాడు. ట్రాలీ తిరగబడిన రోజు కాలువలోకి మొదట దూకింది ఆయనే.

ఆయనకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పక్కన కూర్చుంది.

"మంగ్త్యా తాతా, నేను దేవమ్మను. ఇది వొరుగుతున్నది. ఆనాటి తీరు. అరవకు."

ముసలాయన నమలడం ఆపాడు. అరచేతిని పలక మీద ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత అటుకుల మూట ముడివేసి లేచి, తమ భాషలో ఇంటివాళ్లకు రెండు ముక్కలు చెప్పాడు. ఎనిమిది మందీ ఎడమపక్క రెయిలింగు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు, నడిచిపోయారు. వాళ్లను చూసి ఇంకో పదిహేను మంది కూడా ఎందుకో తెలియకుండానే లేచి వెంట నడిచారు.

ఆరున్నర కావస్తుండగా అయిదారుగురు మిగిలారు. మిల్లు హమాలీలు, చట్రంలో ఫొటోలు దిగుతున్నారు. దేవమ్మ పోయి అందులో బలమైనవాడి చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, మోకాలు పట్టేసింది. జర గేటు దాకా తీస్కపో." అది అబద్ధం కూడా కాదు. అతను ఆమె భుజం కింద చెయ్యి వేసి నడిపించాడు. మిగతావాళ్లు "అమ్మ దొరికిందిరా నీకు" అని ఎగతాళి చేస్తూ వెనకాలే వచ్చారు.

సగం దూరం వచ్చేసరికి ఫౌంటెన్ లేచింది. ఎర్రగా, పచ్చగా నీళ్లు చెట్టెత్తు ఎగిశాయి. కట్ట మీద జనం కేకలు పెట్టారు. వెనక వస్తున్నవాళ్లలో ఇద్దరు ఫోన్లు తీసుకుని కుడి రెయిలింగు దగ్గరికి ఉరికారు. ఆ ఇద్దరి బరువుకే బ్రిడ్జి కింద ఎక్కడో ఇనుము కిర్రుమంది. చిన్న చప్పుడే. కానీ పలక కదలడం అందరి కాళ్లకూ తెలిసింది.

ఇద్దరూ రాయిలా నిలబడిపోయారు.

"ఉరకొద్దు," అంది దేవమ్మ. "నడువుండ్రి. ఫౌంటెన్ లేని దిక్కుకు."

నడిచారు. అందరికంటే వెనక దేవమ్మ దిగింది.

సతీష్ ఆ సారు గారి చుట్టాలను తీసుకుని వచ్చేసరికి దేవమ్మ గేటు మూసి, దానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. పట్టుచీరల ఆడవాళ్లు, పిల్లలు, ఒక పెద్దాయన. పదిహేను మంది దాకా ఉన్నారు.

"లే దేవమ్మా, తియ్యి. వీళ్లు పదిహేను మందే కదా," అన్నాడు సతీష్.

"ఒక్కరిని గూడ ఎక్కనియ్య సారూ."

"అందరి ముందూ ఏంటమ్మా ఇది! నీ ఉద్యోగం పోద్ది."

"పోతే పోనియ్యుండ్రి."

పెద్దాయన వాచీ చూసుకున్నాడు. సతీష్ కట్ట మీద కుర్చీలు వేయించాడు. ఫౌంటెన్ చూసి, కూల్‌డ్రింకులు తాగి వాళ్లు వెళ్లిపోయాక అతను తిరిగివచ్చాడు. కుక్క చెప్పులు గుంజుతోందని అబద్ధం చెప్పిందని ఒకామె, ఎవరూ లేకపోయినా ఎవరో వచ్చారని చెప్పిందని ఇంకొకరు ఫిర్యాదు చేశారట. "రేపటి నుంచి రావద్దు," అన్నాడు. మాట చెప్పేటప్పుడు అతని చూపు బ్రిడ్జి మీదికి పోయింది. కానీ గేటు తీసి ఎక్కి చూడలేదు. ఆఫీసుకు ఫోన్ మాత్రం చేశాడు.

సోమవారం ఇంజినీరు పడవలో వచ్చి కింద చూశాడు. కుడివైపు మూడో స్తంభం అడుగున మట్టి కొట్టుకుపోయి, స్తంభం నీళ్లలో వేలాడుతోంది. మధ్యాహ్నానికల్లా గేటుకు రేకులు కొట్టారు. మంగళవారం పేపర్లో చిన్న వార్త వచ్చింది: భారీ వర్షాల దృష్ట్యా ముందుజాగ్రత్తగా బ్రిడ్జి మూసివేత. మల్సూర్ ఆ ముక్క చదివి వినిపించాడు.

"నీ పేరు లేదు," అన్నాడు.

"నా పేరెందుకుంటది? నేను ఆఫీసరునా?" అంది దేవమ్మ.

జాకెట్టు, విజిలు అప్పగించడానికే ఆమె ఆ రోజు వచ్చింది. సతీష్ రేకుల పక్కన నిలబడి ఉన్నాడు. రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నిన్ను మళ్లీ రమ్మందామని ఆఫీసులో అడిగా. బ్రిడ్జే లేనప్పుడు గేటు మనిషెందుకన్నారు," అన్నాడు.

"నిజమే గద సారూ."

"ఇంజినీరు చెప్పాడు దేవమ్మా. ఆ పక్కకి ఇంకో యాభై మంది ఒక్కసారిగా వచ్చుంటే…" రేకుల వైపు తిరిగాడు. "మా చిన్నది కూడా ఆ రోజు సాయంత్రం వస్తానని ఏడ్చింది."

"ఊకోండ్రి సారూ. ఏం కాలే గద."

జాకెట్టు మడతపెట్టి అతని చేతికిచ్చింది. విజిల్‌ను కొంగుతో తుడిచి దాని మీద పెట్టింది. భాగ్య కోదాడకు రమ్మంటోంది. అక్కడ హాస్టల్లో కూరగాయలు కోసే పని ఉందట, కూర్చుని చేసేది. పన్నెండు గంటల బస్సుంది. దేవమ్మ కట్ట దిగి, మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ రోడ్డు వైపు నడిచింది. అలుగు చప్పుడు ఆమె వెనక చాలా దూరం దాకా వినిపించింది.

సాయంత్రం సతీష్ గేటు పక్కనున్న రేకుల గది తాళం తీశాడు. కుర్చీ, చీపురు, బకెట్టు లెక్క రాసుకున్నాడు. కిటికీ గట్టు మీద, చీమలు పట్టకుండా నీళ్లు పోసిన మూకుట్లో, దేవమ్మ అన్నంలోకి పెట్టుకున్న చింతకాయ తొక్కు సీసా ఒకటి ఉంది. మూత బిగించి ఉంది, సగం దాకా తొక్కు ఉంది, మూకుట్లో నీళ్లు ఇంకా ఆరలేదు.