ఆటలో కొత్త చెక్కలు

అక్క కూతురు పిలిచే పిలుపు ఆఫీసుకీ పాకి, ఆమె అక్కడా అందరికీ పిన్నే అయిపోయింది. పిన్నికి ఆ పాత నాటకశాల కొట్టిన పిండి. ప్రతి స్తంభాన్నీ, ప్రతి నగిషీనీ ఫోటోలు తీసి, కొలిచి, వీడియో గేములో మళ్లీ కట్టింది. ఆడినవాళ్లు దాని మీద మనసు పడాలని, కూల్చేద్దామన్న మాట ఇంకెవరి నోటా రాకూడదని ఆమె ఆశ. ఆశ మంచిదే. కాకపోతే పై బాల్కనీ దగ్గర ఒక చిన్న పని చేసింది. అసలు బాల్కనీలో చెక్కల మీద రంగు బాగానే ఉంది కానీ లోపలంతా చెదలు తినేసిన గుల్ల. గుల్ల నేల మీద ఆటగాళ్లేం నడుస్తారని, ఆటలో గట్టి చెక్కలు పరిచేసింది. బాల్కనీ చివర, తెర లేచే ముందు మోగించే ఇత్తడి గంటను ఆఖరి బహుమతిగా పెట్టింది. ఆ వృత్తిలో ఇలాంటివి అందరూ చేస్తారు. అడిగే నాథుడుండడు.

ఆట విడుదల ఆ నాటకశాలలోనే పెట్టారు. "ఒక్క మేకు కూడా తేడా ఉండదు" అని పిన్ని మైకులో చెబుతుండగా, ముందు వరుసలో అక్క పక్క కుర్చీ ఖాళీగా కనిపించింది. అందులో ఉండాల్సింది అక్క కూతురు, తొమ్మిదేళ్ల పిడుగు. ఆటను అందరికంటే ముందు ఆడింది ఆ పిల్లే. కళ్లకు గంతలు కట్టినా గంట దాకా వెళ్లగలనని ఇంట్లో ఒకటే కోతలు.

పిన్ని తల పైకెత్తింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

పిల్ల అడ్డంగా కట్టిన తాడు దాటి, బాల్కనీ మధ్యకి వచ్చేసింది. అడుగు పడినప్పుడల్లా చెక్కపొడి సన్నగా రాలుతోంది.

"అమ్మలూ, ఆగు! వెనక్కి రా!"

"ఒక్క నిమిషం పిన్నీ! గంట కొట్టేసి వస్తా!"

కేక వేయబోయిన అక్కను పిన్ని చేత్తో ఆపింది. గద్దిస్తే పిల్ల పరిగెత్తుతుంది, అసలే మొండిఘటం. వెళ్లి పట్టుకుందామంటే పెద్దవాళ్ల బరువుకి ఆ చెక్కలు ఆగవు. ఇది ఎవరి మాట వింటుంది?

మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, గొంతు తగ్గించి అంది: "కాపలావాడు వస్తున్నాడు."

పిల్ల ఠక్కున కూర్చుంది. ఆటలో ఆ మాట వినపడితే, గోడకి వీపు ఆనించి, చప్పుడు కాకుండా వచ్చిన దారినే జరగాలి. దొరికితే మళ్లీ మొదటి నుంచీ ఆడాలి. దూలాల కొసలు ఆ గోడలోనే ఉన్నాయి. చెక్కలకి కాస్తో కూస్తో బలం ఉన్నది అక్కడే.

"మెల్లిగా... చప్పుడు చేయకు..." అంటూనే పిన్ని మైకుతో మెట్లెక్కింది. కింద జనం పక్కకి తప్పుకున్నారు. పిల్ల ఇంతకు ముందు నిలబడ్డ చోట చెక్క ఫెళ్లున విరిగి ఖాళీ కుర్చీల మీద పడింది. పిల్ల బిగుసుకుపోయింది.

"కదులు తల్లీ. గోడ వదలకు."

మళ్లీ జరిగింది. తాడు దగ్గరికి రాగానే పిన్ని ఒక్క గుంజు గుంజి ఒళ్లోకి లాక్కుంది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి.

"తాడు కనపడలేదా? చెక్కలు పుచ్చిపోయాయని తెలీదూ?"

పిల్ల బిత్తరపోయి చూసింది. "నువ్వేగా పిన్నీ, ఒక్క మేకు కూడా తేడా లేదన్నావు?"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట హాలంతా వినిపించింది. పిన్నికి తల కొట్టేసినట్టయింది. మైకు ఆపేద్దామని వేలు మీట మీదికి వెళ్లింది. ఆపలేదు.

"తేడా ఉందమ్మా" అంది, అందరికీ వినపడేలాగే. "నేను అబద్ధం కట్టాను."