రెండో పొయ్యి

హాస్పిటల్లో నర్సు డ్యూటీ దిగిన కూతురు పుట్టింటి వంటగదిలో స్టూలు మీద కూర్చుని, చేతిలో టీ కప్పు ఉండగానే కునుకు తీసింది. వీధివాళ్లంతా టీచరమ్మ అని పిలిచే తల్లి, కప్పు ఒలకకుండా మెల్లగా అందుకుంది. కాసేపటికి కూతురు ఉలిక్కిపడి లేచి, "బస్సు వెళ్లిపోతుందమ్మా" అంటూ చెప్పులు వేసుకుంది. మెయిన్ రోడ్డు దాకా నడిచి, ఆమె రెండు బస్సులు మారాలి. మొన్నటిదాకా పొలాలుగా ఉండి నిన్న ప్లాట్లయిన చోట, చివరి స్టాపులో దిగాలి. అప్పటికి తన నాలుగేళ్ల పాప నిద్రపోయి ఉంటుంది. పొద్దున పాప లేవకముందే మళ్లీ బయలుదేరాలి.

ఇందులో వింతేముంది, ఇలాంటి కూతుళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు అంటారా? ఆ వంటగదికి సరిగ్గా పైన రెండు గదులు ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్నాయి. వాటిలో విరిగిన కుర్చీలు కాపురం చేస్తున్నాయి.

కారణం వీధి మొదట్లో ఇనప బోర్డు మీద రాసి ఉంది: 'ఒక ఇంటికి ఒకే వంటగది.' రెండో పొయ్యి పెడితే రెండో కుటుంబం దిగుతుందని, మనుషులు పెరిగితే నీళ్లు చాలవని, వీధి సంతలా తయారవుతుందని కాలనీ కమిటీ భయం. ఆ నిబంధన రాసిన ప్రెసిడెంటు ఎవరో కాదు, టీచరమ్మ భర్తే. సెక్రటరీ ఆయనకంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. ఎవరి మేడ మీద ఉల్లిపాయ వేగినా గేటు దగ్గరే పసిగట్టేవాడు. అందుకే ఆయనకు ముక్కుగారని పేరు వచ్చింది.

ఒకే వంటగదిలో సర్దుకోవచ్చు కదా అంటారేమో, ఆ ముచ్చటా తీరింది. కిందటేడు కూతురు, అల్లుడు, పాప వారం రోజులుందామని వచ్చారు. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దగ్గర మొదలైన తగువు చీపురు దాకా పాకింది. "నిన్ను రోజూ చూడాలనే ఉందమ్మా, నీ వంటింట్లో మాత్రం వద్దు" అని నవ్వుతూనే చెప్పి కూతురు మూట సర్దుకుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాట తల్లీకూతుళ్లకూ వర్తిస్తుంది.

ఈ మధ్య పాపకు జ్వరం వచ్చింది. కబురు తెలిసి, అందరూ నర్సమ్మ అని పిలిచే ఆ కూతురు తన ఇల్లు చేరేసరికి చీకటి పడింది. పాప పక్కింటావిడ మెడ కౌగిలించుకుని పడుకుంది. తల్లి చేతులు చాపినా రాలేదు.

"నేను ఎత్తుకుంటే ఏడ్చిందమ్మా" అంటూ మర్నాడు తల్లి ఒళ్లో తల పెట్టి నర్సమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. హాల్లో పేపరు చాటున ప్రెసిడెంటు అంతా విన్నాడు.

కూతురు వెళ్లాక టీచరమ్మ అడిగేసింది. "పైన పొయ్యి పెట్టిద్దామండీ."

"రూలు రాసినవాణ్ణే నేను. నా ఇంటికే మినహాయింపు ఇచ్చుకుంటే నలుగురూ నవ్వరూ?"

"మన ఒక్క ఇంటికే ఎందుకు? అందరిళ్లకూ ఇవ్వండి."

ఆయన పేపరు తిరగేశాడు గానీ, ఒక్క అక్షరం చదవలేదు.

ఆదివారం కమిటీ మీటింగు ఆ మేడ మీది గదుల్లోనే జరిగింది. నేల కడిగి ఉంది. విరిగిన కుర్చీల జాడ లేదు. అందరికీ టీ అందింది. ముక్కుగారు రెండో కప్పు కూడా అడిగి తాగి, మూతి తుడుచుకున్నాడు.

"టీ బ్రహ్మాండంగా ఉంది టీచరమ్మా. కానీ వాసన మేడ మీంచి వచ్చినట్టుందే!"

"మీ ముక్కుకు తిరుగులేదన్నయ్యా" అంటూ ఆమె తెర లాగింది. గట్టు మీద కొత్త పొయ్యి, పక్కనే ఉప్పు డబ్బా ఉన్నాయి.

"ప్రెసిడెంటుగారి ఇంట్లోనే ఇలాగైతే ఇంకెవరికి చెబుతాం?" ముక్కుగారు లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, చెబుతాను" అంది టీచరమ్మ. "మన నీళ్ల ట్యాంకు కట్టినప్పుడు ఇంటికి పదిమందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు ఇద్దరేసి మిగిలాం. మనుషులు లేరని మన వీధి బస్సు ఆపేశారు. బేరాల్లేక మూల కొట్టు మూతపడింది. ఈ వీధి ఆసుపత్రిలో మనకు సూది వేసే పిల్ల మాత్రం, రోజులో సగం బస్సులోనే గడుపుతోంది. ఇక్కడ తాళం వేసిన ప్రతి గదికీ అక్కడ పొలంలో ఓ ఇల్లు లేస్తోంది. కుర్చీలకు దొరికిన చోటు మన పిల్లలకు దొరకదా?"

ప్రెసిడెంటు నడుం పట్టుకుని లేచాడు.

"సిలిండరు మేడ మీదికి మోసింది నేనే. ఈ నడుమే సాక్ష్యం. రూలు రాసిన చేత్తోనే దాన్ని కొట్టేస్తాను. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ఒకటీ అరా చేతులు లేచాయి. ముక్కుగారు ఖాళీ కప్పు కింద పెట్టాడు. "మా పెద్దాడూ ఆ చివరి స్టాపులోనే ఉంటున్నాడు. వాడు మాతో నింపాదిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో" అంటూ రెండు చేతులూ ఎత్తేశాడు.

"రెండెత్తితే ఓటు చెల్లదయ్యా!" అన్నాడు ప్రెసిడెంటు. గది గొల్లుమంది. ఆ నవ్వుల్లో అన్ని చేతులూ లేచాయి. సాయంత్రం నిచ్చెన పట్టుకున్నది ముక్కుగారు, బోర్డు ఊడదీసింది ప్రెసిడెంటు.

ఇప్పుడు ఆ వీధిలో ప్రతి మేడ మీదా దీపం వెలుగుతోంది. ఆగిపోయిన బస్సు మళ్లీ తిరుగుతోంది, మూల కొట్టు తెరిచారు. మేడ మీదికి కాపురం మార్చిన నర్సమ్మ డ్యూటీకి నడిచే వెళుతోంది. పాప కళ్లు తెరిచేసరికి పక్కన తల్లి ఉంటోంది. ఇక ఆ పిల్ల ఏ పొద్దునైనా గిన్నె పట్టుకుని మెట్లు దిగివస్తుంది: "అమ్మమ్మా, ఉప్పు అయిపోయిందట!"

టీచరమ్మ అడిగినదానికంటే ఎక్కువే పోసి పంపిస్తుంది.

నగరం పెరగక మానదు. దాన్ని పొలాల మీదికి తరమడమా, తాళం తీసి మన మధ్యకు పిలుచుకోవడమా అన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.