ఇన్‌స్పెక్షన్‌కు తయారైన గుడిసె

గోపాలసామి తొమ్మిదేళ్లు సైన్యంలో పనిచేశాడు. తల్లి మంచాన పడిందని తనంతట తానే మానుకుని వచ్చేశాడు కాబట్టి పెన్షన్ లేదు. ముప్పై ఏళ్లు బిల్డింగు పనుల్లో తట్ట మోశాడు. పోయిన వానలకు తమిళనాడు ధర్మపురి దగ్గర ఇండూరులోని గుడిసె కూలిపోయింది. అప్పటినుంచి ధర్మపురి బస్టాండులోనే మొగుడూ పెళ్లాల కాపురం.

ఇల్లు కావాలని మాజీ సైనికుల ఆఫీసుకు పోతే తాలూకాకు పొమ్మన్నారు. తాలూకావాళ్లు పంచాయతీకి తోలారు. అక్కడ తేలిందేమిటయ్యా అంటే, సర్కారు ఇల్లు గుడిసె ఉన్నవాడికే ఇస్తుందట. గుడిసె కూలి వీధిన పడ్డవాడికి ఇవ్వదట. ఇదెక్కడి న్యాయమో ఆ రాసినవాళ్లకే తెలియాలి! పాత జాబితాలో గోపాలసామి పేరుంది. గురువారం ఓవర్సీరు వచ్చి చూసేసరికి గుడిసె లేకపోతే ఆ పేరు కొట్టేస్తారు.

పెళ్లాం సరసమ్మకు ఆయాసం. ఇంకో చలికాలం మంచులో పడుకుంటే తన చేతుల్లో లేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పేశాడు. గోపాలసామికి ఆ మాట తప్ప ఇంకేదీ తలకెక్కలేదు. ఆదివారమే ఇండూరు పోయి, తన జాగాలో వెదుళ్లు పాతాడు. కనబడినవాళ్లనల్లా అడిగి తాటాకులు తెచ్చాడు.

పక్క గుడిసె దొరైసామిని కూడా గురువారమే చూస్తారు. అతను తెలివైనవాడు. ఉన్న కప్పును తానే చించి, చిరుగుల చీర కప్పి పెట్టుకున్నాడు. నువ్వూ రెండు ఆకులు పీకిపెట్టు మామా అని చెప్పాడు కూడా.

గోపాలసామికి రోషం పొడుచుకొచ్చింది. "ఆఫీసరు వస్తా ఉంటే చింపిరిగా నిలబడేదా? మా రెజిమెంటులో అట్ల నేర్పలేదు," అన్నాడు.

ఇన్‌స్పెక్షన్ అంటే చాలు, అతని చేతులు ఊరుకోవు. చూరు దారం పట్టి సమంగా కోశాడు. గోడలకు మట్టి మెత్తి సున్నం కొట్టాడు. దారికి అటూ ఇటూ రాళ్లు పేర్చి వాటికీ సున్నమే. సరసమ్మ పేడతో అలికి, ముగ్గేసి, పాలు పొంగించింది. గురువారం అతను ఇస్త్రీ చొక్కాకు మెడల్ తగిలించుకుని వాకిట్లో అటెన్షన్‌లో నిలబడ్డాడు.

ఓవర్సీరు తనుజ పక్కనున్న పాపారపట్టి ఊరి తెలుగు పిల్ల. ఫోన్లో ఫోటో తీసింది, వివరాలు ఎక్కించింది. తరువాత ఆమె ముఖం వాడిపోయింది.

"అయ్యా, శిథిలమైన గుడిసెలకే ఇల్లు. ఇది కొత్తది, గట్టిగా ఉండాది. నేనేమని రాసేది?"

గోపాలసామి బస్టాండు సంగతి చెప్పాడు, డాక్టరు మాట చెప్పాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుందే గాని, ఫోటో అప్పుడే పై ఆఫీసుకు పోయింది. వెనక్కి తీసుకునే అధికారం ఆమెకు లేదు. దొరైసామికి మాత్రం మంజూరైంది.

"మళ్లీ ఒకటి తీయమ్మా, ఒక్కటే," అంటూ గోపాలసామి చూరు పట్టుకుని లాగాడు. ఆకులు జారాయి. వెదురు విరిచాడు. చేతులు చీరుకుపోయినా ఆగలేదు. మళ్లీ జాబితా వచ్చే ఏడే అని తనుజ చెప్పింది. అతని చెవికెక్కలేదు. ఆమె నిలబడలేక బండెక్కి వెళ్లిపోయింది.

సగం కప్పు నేలమీదికి వచ్చేసింది. సరసమ్మ ఎగరొప్పుతూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"చాలయ్యా, నిలుపు. ఆ పిల్ల పోయింది. ఇదన్నా ఉండనీ, దీంట్లోనన్నా పండుకుంటాను."