జేబులో దొరికిన వాసన

లాండ్రీలో అందరూ ఆమెను జేబులమ్మ అనేవాళ్లు. ఉతకడానికి వచ్చిన ప్రతి బట్ట జేబులూ తడిమి, మర్చిపోయిన వస్తువులు తీసి, కవర్లో వేసి పక్కన పెట్టడం ఆమె పని. తాళంచెవులు, తలనొప్పి మాత్రలు, సినిమా టికెట్లు, ఒక్కోసారి కట్టుడు పళ్లు. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల గుట్టంతా ఆమె చేతుల మీదుగానే నడుస్తోంది. మనిషి చెప్పేది వినక్కర్లేదు, జేబు చూస్తే చాలు అని ఆమె నమ్మకం. అది తప్పని ఎవరూ అనలేదు. అనడానికి ఆవిడ సందివ్వాలి కదా! ఎదుటివాళ్లు నోరు తెరిచేలోగా తీర్పు చెప్పేసి తర్వాతి చొక్కా అందుకునే రకం.

మొగుడు అందుకు పూర్తిగా విరుద్ధం. గడియారాలు బాగుచేస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. బాగుచేసిన గడియారాన్ని వెంటనే ఇవ్వడు. రెండు రోజులు తన జేబులో వేసుకుని తిరిగి, నడకలోనూ కుదుపులోనూ అది సరిగ్గా ఆడుతోందని తేలాకే ఇస్తాడు. "జేబు నిండా గడియారాలే, ఇంటికి మాత్రం వేళకు రారు" అని ఆమె దెప్పుతుంది. అతను నవ్వి ఊరుకుంటాడు.

ఆ మనిషి మొన్న పెళ్లిరోజుకి ఒక చిన్న పెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. లోపల సెంటు సీసా. ఇన్నేళ్ల కాపురంలో గిన్నెలు కొన్నాడు, గొడుగు కొన్నాడు, సెంటు కొనడం ఇదే మొదలు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. వెంటనే మణికట్టు మీద కొట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అబ్బ! ఇదేం కంపండీ! సూది వేసే ముందు నర్సు రాసే స్పిరిట్‌లా ఉంది."

"కాదే, కాసేపు..."

"ఇంకా కాసేపా? కడుపులో తిప్పుతోంది. మిమ్మల్ని నిలువునా ముంచేశారు, ఇది నకిలీ సరుకు."

అతను మాట పూర్తిచేసేలోపే ఆమె సబ్బుతో చెయ్యి కడిగేసుకుంది. సీసా బీరువాలో దుప్పట్ల వెనక్కి పోయింది. అతని మొహం చిన్నబోయిందని ఆమె చూసింది గానీ, మోసపోయినందుకు సిగ్గుపడుతున్నాడులే అనుకుంది.

కొంప మునిగింది ఆ తర్వాత. ఇంట్లో బట్టలు నానబెడుతూ, చేతికి అలవాటైన పని కదా, మొగుడి ప్యాంటు జేబు తడిమింది. వేలంత వెడల్పున్న తెల్ల కాగితం ముక్క దొరికింది. దాని మీద రాత లేదు, అంకె లేదు. ఎన్ని జేబులు చూసిందో లెక్కలేదు గానీ ఇలాంటిది ఎప్పుడూ తగల్లేదు. తిప్పి చూసింది, వాసన చూసింది. అలాగే నిలబడిపోయింది.

ఎంత బాగుందో ఆ వాసన! పాత చందనం పెట్టె మూత తీసినట్టు, వెచ్చగా, మెత్తగా ఉంది. ఇంత మంచి సెంటు పూసుకునే మనిషి ఎవరో ఆయనకు దగ్గరలో ఉందన్నమాట. మంచిది దానికి, కంపుది నాకు! అందుకే ఇన్నాళ్లకు సెంటు మీదకు మనసు పోయింది. ఒకటి కొనడానికి వెళ్లి, పాపభయంతో రెండోది కూడా కొన్నాడు.

ఆమె అతన్ని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, జేబు చెప్పదు. తెల్లారాక అతను పనికి వెళ్లగానే, మనసు ఆగక, సీసా బయటికి తీసి వేసుకున్న స్వెట్టర్ చేతి మీద ఒకసారి కొట్టి చూసింది. అదే స్పిరిట్, అదే కంపు. కాగితం చూస్తే చందనం. ఇంక సాక్ష్యం ఎందుకు? ఫోను తీసి అక్కకు చేసింది.

"అక్కా, సాయంత్రం బావగారిని తీసుకుని మా ఇంటికి రా. నా కాపురం సంగతి ఇవాళ తేలిపోవాలి."

"ఏమైందే? పొద్దున్నే ఏంటీ మాటలు?"

"వచ్చాక చెబుతా. ఇవాళ రాత్రి నేను మీ ఇంట్లోనే పడుకుంటా." ఫోను పెట్టేసింది. ఒక చీర, దువ్వెన, బీపీ మాత్రలు సంచిలో కుక్కుకుని లాండ్రీకి వచ్చింది.

ఉతికిన బట్టలు కౌంటర్‌లో ఇవ్వడానికి వెళ్లింది. మధ్యాహ్నం వేళ, రద్దీ లేదు. బట్టలు అందిస్తుంటే ముక్కుకు తగిలింది. చందనం! ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కౌంటర్లో పిల్ల కొత్తగా చేరింది, కళ్లకు కాటుక, మాట్లాడితే నవ్వు. పోయిన నెల ఆ పిల్ల గడియారం ఆగిపోతే, బాగుచేయించి తెచ్చిపెట్టింది స్వయానా జేబులమ్మే. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పు నేనే చేతులారా అందించానా అనుకుంది.

"గడియారం బాగా ఆడుతోందా?" అంది, పళ్లు బిగబట్టి.

"సూపర్‌గా ఉందాంటీ. అంకుల్ చేతిలో ఏదో ఉంది!"

"ఉంది, ఉంది. సెంటు కూడా బాగుంది."

ఆ పిల్ల ఉలిక్కిపడి భుజం తడుముకుంది. "నేనా? నాకు సెంటు పడదాంటీ, తుమ్ములొస్తాయి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఇంకేం కావాలి! స్వెట్టర్ విప్పి, ఇస్త్రీ గదిలో వేడిబల్ల పక్కనున్న కొక్కేనికి తగిలించి, కోపంగా అక్కడే జేబులు తడుముతూ కూర్చుంది. కాసేపటికి ఇస్త్రీ గదిలోనూ అదే వాసన, ఈసారి ఇంకా గాఢంగా. ఆ గదిలో ఉన్నది ఇస్త్రీ పిన్ని ఒక్కతే. అరవైకి దగ్గరపడింది, మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని నిలబడి పనిచేస్తుంది. జేబులమ్మ ఆమెను కింది నుంచి పై దాకా చూసింది. మొన్న ఈవిడ గోడ గడియారం గురించి ఆయన్ని అడగలేదూ?

"ఏంటే ఆ చూపు? నా నెత్తిన కొమ్ములు మొలిచాయా?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ. వయసుతో పని లేదని అనుకుంటున్నా."

"దేనికి?"

జవాబు చెప్పకుండా స్వెట్టర్ లాక్కుని వేసుకుని, బట్టల గోడౌన్లోకి పోయి తలుపు వేసుకుంది. ఇంక ఆగలేకపోయింది. ఎవరని అనుమానించాలి, ఈ లోకంలో ఆడవాళ్లందరినీ అనుమానించాలా? దుప్పట్ల మూట మీద కూలబడి భోరుమని ఏడ్చింది. ఆ నోరులేని మనిషి మీద తనకు ఇంత ప్రేముందని ఆమెకే తెలియదు. ముక్కూ కళ్లూ స్వెట్టర్ చేత్తో తుడుచుకుంది.

చందనం గుప్పుమంది.

గదిలో ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. ఆమె మెల్లగా చెయ్యి పైకెత్తి మళ్లీ వాసన చూసింది. కొంగులో ముడేసుకున్న కాగితం తీసి చూసింది. మళ్లీ చెయ్యి చూసింది. రెండూ ఒకటే. పొద్దున తను కొట్టుకున్న ఆ కంపే, మధ్యాహ్నానికి ఆరి, ఒంటి వేడికి నెమ్మదించి, ఇదిగో ఇలా అయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికింది ఆమె. నవ్వొచ్చింది, మరుక్షణం పొద్దున చేసిన ఫోను గుర్తొచ్చింది. అక్కా బావా ఈపాటికి బయల్దేరి ఉంటారు!

సంచి చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది. అప్పటికే ముగ్గురూ ముందుగదిలో ఉన్నారు. బావగారు పంచాయితీ పెద్దలా మొహం ముడుచుకుని ఉన్నాడు. మొగుడు ఏమీ తెలియని మొహంతో వాళ్లకు మంచినీళ్లు ఇస్తున్నాడు. ఆమె లోపలికి అడుగుపెట్టగానే అతను తలెత్తి గాలి పీల్చాడు. మొహం వెలిగిపోయింది.

"రాసుకున్నావా! మొన్న చెబుదామనుకున్నా, కాసేపు ఆగాలని. షాపులో కాగితం మీద కొట్టిస్తే నాకూ ముందు నచ్చలేదు, ఒకటే స్పిరిట్ కంపు. ఆరితేగానీ అసలు వాసన రాదన్నారు. సరే చూద్దామని ఆ ముక్క జేబులో వేసుకుని రెండు రోజులు తిరిగా. బాగా కుదిరింది అనిపించాకే వెళ్లి కొన్నా." ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడినందుకు అతనికే సిగ్గేసినట్టుంది. "ఇంతకీ మీ అక్కావాళ్లు ఎందుకొచ్చారో వాళ్లకే తెలియదట. నువ్వే రమ్మన్నావట?"

సెంటు చూపిద్దామని పిలిచానని చెప్పొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చంకలో సంచి ఉంది, అక్క చూపు దాని మీదే ఉంది.

"మీ జేబులో ఆ కాగితం దొరికింది. ఇంకెవత్తెదో అనుకున్నా. మిమ్మల్ని అడగలేదు. వదిలేసి పోదామనుకున్నా."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావగారు గోడవైపు చూశాడు. మొగుడి మొహంలో వెలుగు పోయింది. అతను ఆ సంచి వంక చూసి వంటింట్లోకి వెళ్లాడు. స్టవ్ వెలిగించిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి.

మామూలుగా అయితే ఆమె వెనకే వెళ్లి, కోపమొచ్చిందా, వస్తే తిట్టొచ్చుగా అని పది ప్రశ్నలు వేసేది. ఇవాళ వెళ్లలేదు. సంచి కింద పెట్టి కూర్చుంది. అక్క ఏదో అనబోతే వద్దన్నట్టు చెయ్యి చూపించింది. వంటింట్లో నీళ్లు మరిగే దాకా, పాలు పొంగే దాకా, ఏ మాట వస్తుందో తెలియకుండా అలాగే కూర్చోవడం ఆమెకు ప్రాణం మీదకు వచ్చింది.

అతను నాలుగు కప్పుల టీతో వచ్చాడు. అందరికీ ఇచ్చి, చివరి కప్పు ఆమె చేతికిచ్చాడు. ఆమె గబుక్కున నోటి దగ్గరికి తీసుకెళ్లబోయింది.

"కాలుతుంది" అన్నాడు. "కాస్త ఆగి తాగు."

ఆమె కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, అతని వంకే చూస్తూ, ఆగింది.