దర్వాజకున్న వంకర డబ్బీ

నానక్‌రామ్‌గూడ వడ్ల రామన్న భార్య చంద్రమ్మ, మంచం దగ్గర తగవు పడి మూసాపేటలో ఉన్న కూతురు రేఖ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ మంచం వడ్రంగిగా రామన్న చేతి ఆఖరి పని. పొలాలు పోయి అద్దాల మేడలు లేచాక, అందరిలాగే అతనూ నాలుగంతస్తులు కట్టి కిరాయిలకిచ్చాడు. ఉలి అటక మీద పెట్టేముందు ఇద్దరికీ సరిపోయేలా టేకుతో ఒక మంచం చేసుకున్నాడు. గదికి ఉత్తరాన దర్వాజ, పడమటి గోడకు దేవుళ్ళ అర. తల తూర్పుకు పెడదామని రామన్న అన్నాడు. అప్పుడు కాళ్ళు దేవుళ్ళకెదురుగా వస్తాయి. చంద్రమ్మ దక్షిణానికి పెడదామంది. అప్పుడు కాళ్ళు దర్వాజకెదురుగా వస్తాయి.

“దర్వాజ దిక్కు కాళ్ళు పెట్టి పండేది పీనుగే,” అన్నాడు రామన్న.

“దేవునికి కాళ్ళు చూపెట్టేటోని కంటె పీనుగు నయం,” అంది చంద్రమ్మ. ఆ పూటే సంచీ సర్దుకుంది. మంచం తిప్పిన రోజు వస్తానని చెప్పి మరీ వెళ్ళింది.

రామన్న మంచివాడే. కాని వంకర చూడలేడు. వయసులో ఉండగా అతను చేసిన నాగలి ఎంత తిన్నగా ఉండేదంటే, చేను గట్టు దగ్గర ఎద్దులకు మళ్ళడం చేతకాక కోకాపేట దాకా దున్నుకుంటూ పోయాయి. కోకాపేటవాళ్ళు ఆ చాలు వెంబడే రోడ్డు వేసుకున్నారు. అతను నిలబెట్టిన దర్వాజలోంచి తాగి వచ్చినవాడు కూడా నిటారుగా నడిచేవాడు. భార్యలకు భర్తలు తాగారో లేదో తెలియక చాలా సంసారాలు చక్కబడ్డాయి.

అలాంటివాడికి చంద్రమ్మ లేని ఇంట్లో చక్కబెట్టడానికి ఏమీ మిగల్లేదు. క్యాలెండరు సరిచేశాడు. గేటు ముందు షేర్ ఆటోలను వరుసలో పెట్టించాడు. కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్న సాంబారు పోసుకోబోయే ముందు, పళ్ళెంలో అన్నాన్ని నాలుగు మూలలూ సమంగా ఉండేలా చెక్కాడు. తినబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లోనే మూడో అంతస్తులోకి ఎజ్రా అనే అబ్బాయి, వాళ్ళమ్మ మిర్యామమ్మ దిగారు. గుంటూరు అవతలి ఊరు. పేర్లు విని, చర్చి దగ్గరేనని రామన్న ధైర్యం చెప్పబోయాడు.

“మేం యూదులమండి, అన్నయ్యగారూ,” అంది మిర్యామమ్మ. “మాకు చర్చి ఉండదు. శనివారం పని చెయ్యం, అంతే.”

“శనివారం మా వెంకన్న దినమే. మంచిదే,” అని రామన్న తాళంచెవి ఇచ్చేశాడు.

వాళ్ళు దిగిన మర్నాడు, రామన్న నీళ్ళ ట్యాంకు చూసి మెట్లు దిగుతున్నవాడల్లా ఆగిపోయాడు. వాళ్ళ దర్వాజకు కుడివైపు చెక్కకు వేలెడు డబ్బీ ఒకటి స్క్రూలతో బిగించి ఉంది. ఏటవాలుగా ఉంది. తను రసమట్టం పెట్టి నిలిపిన దర్వాజ అది. పిల్లవాడు తొందరలో బిగించి ఉంటాడనుకుని, వాళ్ళు బజారుకు వెళ్ళినప్పుడు పేచ్‌కస్సు తెచ్చి నిటారుగా బిగించాడు.

మర్నాటికి డబ్బీ మళ్ళీ వంగింది. రామన్న మళ్ళీ నిలబెట్టాడు. అది మళ్ళీ వంగింది. పెళ్ళాం ఎలాగూ మాట వినలేదు, తన సొంత దర్వాజ కూడా వినకపోతే ఇక బతుకెందుకనిపించింది.

సాయంత్రం చంద్రమ్మే ఫోన్ చేసింది.

“మంచం తిప్పినవా?”

“తిప్పలే. తిన్నవా?”

“తింటే ఏంది, తినకుంటే ఏంది. తిప్పినంక చెయ్యి,” అని పెట్టేసింది.

మరుసటి రోజు పొద్దున్న రామన్న బనీను మీదే మూడో అంతస్తుకు ఎక్కి, స్క్రూ సగం విప్పాడో లేదో తలుపు తెరుచుకుంది. మిర్యామమ్మ చేతిలో అట్లకాడ ఉంది. బనీనుకు జేబు లేక రామన్న పేచ్‌కస్సు దాచలేకపోయాడు.

“మీరా అన్నయ్యగారూ. గోడలో దయ్యం ఉంది, ఇల్లు మారదామంటున్నాడు మావాడు.”

“వంకర పోయింది చెల్లె. సక్కగ చేస్తున్న.”

“పోలేదండి. మేమే వంకరగా పెట్టాం.”

రామన్న చెయ్యి దించాడు. దొంగతనం ఒప్పుకున్నవాళ్ళను చూశాడు గాని, వంకర పని చేశామని ఒప్పుకున్నవాళ్ళను అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“దీన్ని మెజూజా అంటామండి. లోపల తోలు మీద చేత్తో రాసిన దేవుడి మాట ఉంటుంది. దేవుడు ఒక్కడే, మనసంతా పెట్టి ప్రేమించు, ఇంట్లో ఉన్నా దారిలో ఉన్నా మరవకు అని.”

“మంచి మాటనే. మంచి మాట నిటారుగ నిలబడితే ఏం పోతది?”

“అక్కడే వచ్చింది తగువు. వెనకటికి మాలో ఒక పెద్ద పండితుడు నిలువుగా పెట్టాలన్నాడు. ఆయన మనవడు, అతనూ పండితుడే, అడ్డంగా పడుకోబెట్టాలన్నాడు.”

“తాతకు ఎదురు చెప్పిండా?”

“మాలో దాన్నే చదువంటారండి.”

“మరి ఎవరు గెల్చిండ్రు?”

“ఎవరూ గెలవలేదు. ఇద్దరి మాటా పోకూడదని తర్వాతివాళ్ళు ఇలా ఏటవాలుగా పెట్టారు. తగువు మొదలై తొమ్మిదొందల ఏళ్ళు కావస్తోంది.”

“ఎవ్వలు గెలవకుంటే తగువు ఎట్ల తెగినట్టు?”

“తెగిందని ఎవరన్నారు? ఇంట్లోకి పోవాలి కదండీ, పోతున్నాం.”

రామన్న పేచ్‌కస్సు మళ్ళీ స్క్రూకు ఆనించాడు. “ఎంత వంచాలె?” అని అడిగాడు. పై కొస లోపలికి వాలాలని ఆవిడ చూపించింది. బతుకులో మొదటిసారి, కావాలని, ఒక వస్తువును వంకరగా బిగించాడు. స్క్రూ బిగుస్తుంటే పళ్ళు జివ్వుమన్నాయి. మిర్యామమ్మ డబ్బీని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను ముద్దు పెట్టుకుని, అట్టు మాడుతోందని లోపలికి పరుగెత్తింది.

రామన్న తిన్నగా ఆటో స్టాండుకు వెళ్ళి నలుగురు డ్రైవర్లను పిలుచుకొచ్చాడు. మంచం తల ఆగ్నేయ మూలకు పెట్టించాడు. కాళ్ళు అటు దేవుళ్ళకూ ఇటు దర్వాజకూ కాకుండా, రెంటి నడుమ మూలకు వచ్చాయి. ఇంత మంచి మంచాన్ని ఇట్ల పెడతరా అని డ్రైవర్లు నొచ్చుకున్నారు. రామన్న వాళ్ళకంటే ఎక్కువ నొచ్చుకుని ఫోన్ తీశాడు.

“తిప్పిన.”

“ఎటు?”

“నువ్వొచ్చి చూడు.”

మధ్యాహ్నానికల్లా చంద్రమ్మ వచ్చింది. సంచీ భుజాన్నే ఉంచుకుని, గడపలోంచే గదంతా చూసింది. దింపితే ఉంటుంది, దింపకపోతే పోతుంది. రామన్న చూపు ఆ సంచీ మీదే ఉంది.

“వంకర ఉన్నది,” అంది.

“ఉండనీ.”

చంద్రమ్మ అతని మొహం వంక అనుమానంగా చూసింది. “దవాఖానకు గిట్ల పోయినవా?”

“లే.”

“బీరువా తలుపు తెరుసుకుంటదా?”

“సగం తెరుసుకుంటది.”

ఆమె చెప్పులు విడిచి, సంచీతోనే మంచం మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు చాపి, తల ఎత్తి చూసింది. మూలన చీపురు ఉంది.

“లచ్చిందేవికి కాళ్ళు పెట్టిచ్చినవ్.”

రామన్న చీపురు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చాడు. ఆమె మళ్ళీ తల ఎత్తింది.

“నీ దిక్కుకు జర ఎక్కువ తిరిగింది.”

రామన్న బీరువా మీదున్న రసమట్టం కోసం చెయ్యి చాచాడు.

“దాన్ని లోపల పెట్టు,” అంది చంద్రమ్మ, సంచీ మంచం మీద దింపి.

బీరువా తలుపు తెరుచుకున్న సగంలోంచి రామన్న రసమట్టాన్ని లోపల పెట్టేశాడు.